గర్భసంచి తీశాక ఆమె ఎలా ఉంది? ఎవరూ అడగని ప్రశ్న

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో గర్భసంచి ఆపరేషన్ల మీద మళ్లీ గొడవ మొదలైంది. అవసరం లేకున్నా తీసేస్తున్నారని మహిళా సంఘాలు అంటుంటే, అవసరమైతేనే తీస్తున్నామని ప్రైవేటు డాక్టర్లు అంటున్నారు. ఎవరిది నిజమో తేల్చే లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఈ ఆపరేషన్ల కథ పేదలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకంతో ముడిపడి ఉంది. మలుపు తిరిగింది 2008లో, పథకం రాష్ట్రమంతా వచ్చాక. అందులో ఆస్పత్రికి డబ్బు వచ్చేది ఆపరేషన్‌కు. ఆపరేషన్ జరిగిందని చూపే కాగితాలు అడిగారు గానీ, ఆరు నెలల తర్వాత ఆమె కోలుకుందా అని అడగలేదు. విమర్శలు పెరిగాక ఈ ఆపరేషన్‌ను పథకం కింద ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. అప్పటికే ఆపరేషన్ అయినవాళ్ల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నేటి గొడవకు మూలం అదే.

పరకాల, మహబూబాబాద్ వైపు పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లను అడిగితే కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తెల్లబట్ట, నడుం నొప్పి. ముందు ఆర్ఎంపీ, ఆ తర్వాత టౌన్‌లో స్కానింగ్. "గడ్డ ఉంది, క్యాన్సర్ అయితదన్నరు" అనే మాట. ముప్పై అయిదు దాటకముందే ఆపరేషన్. తెల్లబట్ట చాలాసార్లు ఇన్ఫెక్షన్ వల్లే వస్తుంది, మందులతో తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, మోకాళ్ల నొప్పులు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న డిశ్చార్జి కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుంది. అండాశయాలు ఉంచారో తీశారో ఆమెకు తెలియదు. తీసిన గర్భసంచిని ల్యాబ్‌లో పరీక్షిస్తే నిజంగా జబ్బుందో లేదో తేలుతుంది, కానీ ఆ రిపోర్టు కవర్లో కనబడదు.

డాక్టర్ల మాటలోనూ నిజముంది. నెలనెలా విపరీతంగా రక్తం పోయి, ఒంట్లో రక్తం లేక వచ్చేవాళ్లున్నారు. కూలి మానుకుని మళ్లీ మళ్లీ రాలేమని వాళ్లే ఆపరేషన్ అడుగుతారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం. ఎంతమందికి తీశారో దీంతో తెలిసింది, వాళ్లెలా ఉన్నారో తెలియలేదు. చికిత్స తర్వాత ఎలా ఉన్నారని అడగడం కష్టమేమీ కాదు. అధిక రక్తస్రావం ఉన్న 571 మందిని బ్రిటన్‌లో రెండేళ్లు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి హార్మోన్ లూప్ (గర్భసంచి లోపల పెట్టే, హార్మోన్ వదిలే చిన్న పరికరం) వేశారు, మిగతావాళ్లకు మామూలు మందులిచ్చారు. ఇంటి పని, ఉద్యోగం, మనశ్శాంతి ఎలా ఉన్నాయో వాళ్లనే అడిగారు. లూప్‌తో ఎక్కువ మేలు కనిపించింది. రెండు వర్గాల్లోనూ చాలామందికి ఆ రెండేళ్లలో ఆపరేషన్ అవసరం పడలేదు.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది అందులో ఉంది. ఇకపై జరిగే ఆపరేషన్లను ఆ కమిటీలు చూడాలి. ఆరోగ్యశ్రీలో జరిగిన పాత ఆపరేషన్లకు పేరు, కార్డు నంబరు, ఆస్పత్రి అన్నీ నమోదయ్యాయి. ఆ జాబితాలు తీసి, ఊళ్లోని ఆశా కార్యకర్తలతో ఇంటింటికీ అడిగించడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు.