బేగంపేటలో దొరికిన దోమ ఎక్కడెక్కడికి పోయిందంటే

హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ తెలియనివాళ్ళు ఉండరు, పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు, కానీ కాగితాల మీద అది సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఉందని చాలామందికి తెలీదు. రాస్ అంటే మనకి ఒక్క మార్కు ప్రశ్న, మలేరియా దోమ వల్ల వస్తుందని కనిపెట్టింది ఎవరు, ఎక్కడ, అంతే. ఆ తర్వాత ఏం జరిగిందో పుస్తకంలో ఉండదు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది, ఎందుకంటే ఆలోచన పుట్టడం ఒక ఎత్తు, అది ఎవరి చేతుల్లో పడిందనేది ఇంకో ఎత్తు.

ముందు ఆ మార్కు సంగతి చూసేద్దాం. అప్పటిదాకా డాక్టర్లతో సహా అందరూ నమ్మింది ఏంటంటే చిత్తడి నేలల నుంచి వచ్చే చెడుగాలి పీలిస్తే ఈ చలిజ్వరం వస్తుందని. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి మిలిటరీ డాక్టరు రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు, సరే, కానీ అది ఒంట్లోకి ఎలా వస్తోంది? లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు దోమ మీద అనుమానపడ్డాడు గానీ ఆయన లెక్క సగమే కరెక్టు, దోమ నీళ్ళలో పడి చస్తే ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జ్వరం వస్తుందని అనుకున్నాడు. ఇండియాలో బ్రిటిష్ సర్కారు డాక్టరుగా ఉన్న రాస్ మొదట్లో అదే నమ్మి దోమలు చచ్చిన నీళ్ళు మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఇవాళైతే అలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

తర్వాత పరాన్నజీవి కోసం దోమల్నే కోసి వెతకడం మొదలుపెట్టాడు. సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో ఎండలకి ఆయన మైక్రోస్కోప్ స్క్రూలు చెమట తగిలి తుప్పు పట్టాయి, ఐపీస్ పగిలింది, పంకా లాగిద్దామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. పైగా ఇన్నాళ్ళూ కోస్తున్నవి తప్పు జాతి దోమలు. చివరికి రెక్కల మీద మచ్చలున్న రకం దొరికింది, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమ పొట్ట గోడలో నల్ల రంగు చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి, అవి అచ్చం మలేరియా పరాన్నజీవిలో ఉండే రంగు చుక్కలే. తర్వాత ట్రాన్స్‌ఫర్ అయ్యి, 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, అంటే కాటుతోనే ఎక్కుతుందని తేల్చాడు. మనుషుల్లో అనాఫిలిస్ అనే జాతి దోమతోనే వస్తుందని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు చూపించారు, 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే వచ్చింది, దాని మీద రాస్, గ్రాస్సీ ఇద్దరూ బతికినంతకాలం తిట్టుకున్నారు. హుసేన్ ఖాన్ ఏమయ్యాడో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు అసలు విషయం. చెడుగాలి అంటే ఎవరేం చేయగలరు? దోమ అంటే మాత్రం చేయడానికి పని ఉంది. ఆ పని ఏంటి అన్న దగ్గరే ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ సంగతే చూడండి. అక్కడికి 1899లో రాస్ స్వయంగా వెళ్ళి అనాఫిలిస్ దోమలు పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన డాక్టర్లు ఆఫ్రికన్ పిల్లల రక్తం పరీక్ష చేసి చాలామందిలో పరాన్నజీవి ఉందన్నారు, అది నిజమే. కానీ దాన్నుంచి బ్రిటిష్ వాళ్ళు తీసుకున్న అర్థం, పిల్లలకి మందు ఇవ్వాలని కాదు, వాళ్ళకి దూరంగా మనం ఉండాలని! 1904కల్లా ఊరి పైన కొండ మీద తెల్లవాళ్ళకి మాత్రమే హిల్ స్టేషన్ అని ఒక కాలనీ కట్టారు, పైకి వెళ్ళడానికి దానికో రైలు లైను కూడా. అదీ కాక పశ్చిమ ఆఫ్రికాలో 1902లో ఏర్పాటు చేసిన ప్రభుత్వ వైద్య సర్వీసులో ఆఫ్రికన్ డాక్టర్లకి చోటే లేకుండా చేశారు, లండన్‌లో, ఎడిన్‌బరోలో చదివొచ్చిన వాళ్ళకి కూడా. వర్ణ వివక్ష దోమతో పుట్టిందని నేను అనను, అది ముందునుంచీ ఉంది, దోమ దానికి సైన్స్ సర్టిఫికెట్ ఇచ్చింది అంతే.

పనామాలో ఇంకో రకం. అక్కడ కాలువ తవ్వబోయిన ఫ్రెంచి వాళ్ళు 1880లలో మలేరియా, ఎల్లో ఫీవర్ (ఇదీ దోమతో వచ్చేదే) దెబ్బకి పోగొట్టుకున్న మనుషులు సుమారు 22 వేలు అని అంచనా. చీమలు ఎక్కకుండా హాస్పిటల్ మంచాల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళు, దోమలు అందులోనే గుడ్లు పెట్టేవి, అంటే రోగి మంచం కిందే దోమల నర్సరీ. 1904లో అమెరికన్లు దిగాక గోర్గాస్ అనే ఆర్మీ డాక్టరు కిటికీలకి జాలీలు, నిలవ నీళ్ళ మీద నూనె, మురుగు కాలువలు అంటూ ఊరంతా ఊడ్చిపెట్టాడు, 1905 చివరికి పనామా సిటీలో ఎల్లో ఫీవర్ ఆగిపోయింది, 1914లో కాలువ తెరిచారు. గొప్ప విజయమే, కాదనను. కానీ జాలీలున్న ఇళ్ళు ముందు అమెరికన్ ఉద్యోగులకి, అడవి అంచున గుడిసెల్లో ఉన్నది కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్ల కూలీలు. అమెరికన్ ఖాతాల్లో రాసుకున్న చావులు 5,609, జబ్బులూ ప్రమాదాలూ కలిపి, అందులో ఎక్కువ భాగం వాళ్ళవే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇటలీ దారి. అక్కడ మలేరియా పొలం కూలీల జబ్బు, 1900 ప్రాంతంలో ఏడాదికి 15 వేల దాకా చనిపోయేవాళ్ళు. పార్లమెంటు చట్టం చేసి ప్రభుత్వమే మలేరియా మందు క్వినైన్ కొని, ఉప్పు, పొగాకు అమ్మే కొట్లలో చవగ్గా పెట్టింది, మలేరియా ప్రాంతాల్లో కూలీలకి యజమానే ఇవ్వాలంది. జనం తీసుకోలేదు! గవర్నమెంటు మనకి విషం పెడుతోందన్నారు. ఆంజెలో చెల్లి అనే డాక్టరు, ఆయన భార్య అన్నా, ఇంకొందరు కలిసి రోమ్ చుట్టుపక్కల పల్లెల్లో రైతు కూలీలకి, వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు, మాత్ర మింగించాలంటే ముందు నమ్మకం, చదువు కావాలని వాళ్ళకి అర్థమైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి చావులు ఏడాదికి 3 వేల లోపుకి దిగాయి.

మరి రాస్‌కి జీతమిచ్చిన ఇండియా సర్కారు? లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1901 నుంచి కొన్నేళ్ళు దోమల గుంటలు పూడ్చి చూశారు, చుట్టూ సాగునీటి కాలువలు, దోమలు మళ్ళీ వచ్చేశాయి. ఇంకేముంది, ఇది మన దేశంలో అయ్యే పని కాదు, ఖర్చు దండగ అనడానికి వాళ్ళకి మంచి సాకు దొరికింది. రాస్ మండిపడ్డాడు, ఆ ప్రయోగమే పిసినారితనంతో చేశారన్నాడు.

ఈ కోపంలోంచే ఆయన రెండో ఆలోచన బలపడిందని నాకనిపిస్తుంది, మొదటిదాని కంటే ఇదే పెద్దదని నేనంటాను, ఒక్క మార్కు ప్రశ్నలోకి కూడా రాలేదు పాపం. అందరూ ఆయన్ని అడిగేది, దోమలన్నిటినీ ఎలా చంపుతావయ్యా అని. అన్నిటినీ చంపక్కర్లేదు అని లెక్క వేసి చూపించాడు. చూడండి, దోమ రోగిని కుట్టాలి, పరాన్నజీవి దాని ఒంట్లో తయారవడానికి సుమారు 10 రోజులో ఇంకాస్త ఎక్కువో పడుతుంది, అన్నాళ్ళు అది బతకాలి (చాలా దోమలు బతకవు), బతికి మళ్ళీ ఇంకో మనిషినే కుట్టాలి. ఇన్ని మెట్లున్న గొలుసు కాబట్టి దోమలు ఒక హద్దు కంటే తగ్గితే ఒక రోగి నుంచి సగటున ఒక కొత్త రోగి కూడా రాడు, అప్పుడు దోమలు మిగిలే ఉన్నా జబ్బు దానంతటదే ఆరిపోతుంది. మారిషస్ రిపోర్టులో 1908లో ఈ లెక్క పెట్టాడు, 1911లో పుస్తకంలో ఇంకా పెంచాడు. డాక్టర్లు పట్టించుకోలేదు, వాళ్ళకి ఆల్జీబ్రా అంటే పడదు.

పట్టించుకున్నది మెకెండ్రిక్ అనే స్కాట్లండ్ డాక్టరు, 1901లో కుర్రాడిగా రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్ళినవాడు, తర్వాత ఇండియాలోనే చాలా ఏళ్ళు పనిచేశాడు. ఆయన, కెర్మాక్ అనే చూపులేని కెమిస్టు కలిసి 1927లో ఆ లెక్కని అన్ని అంటువ్యాధులకీ వర్తించేలా రాశారు, సరిపోయిందా లేదా అని పోల్చి చూసుకున్నది 1905–06 బొంబాయి ప్లేగు చావుల లెక్కలతో. 2020లో టీవీ పెడితే చాలు కరోనా ఆర్ వేల్యూ, అంటే ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుకుంటుందనేది, ఒకటి కంటే కిందకి రావాలి అని చెప్పేవాళ్ళు కదా, అది ఈ లెక్కే.