నత్త విషం నుంచి నొప్పి మందు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, సముద్రంలో ఏదో నత్త విషంతో నొప్పులకు మందు కనిపెట్టారట. మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లు పవరట. నువ్వు ల్యాబులో చేసేవి ఇలాంటివే కదా, నా మోకాళ్లకు ఒకటి చూడరాదూ?" అంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన మెసేజ్ చదివి అడిగింది. ఆ మెసేజ్ నాకూ పంపింది. అందులో పచ్చి అబద్ధమంటూ ఏమీ లేదు. అయినా అది చదివినవాళ్లకు కలిగే అభిప్రాయం దాదాపు అంతా తప్పు. నేను పెప్టైడ్లు తయారుచేసే కెమిస్టుని. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ. నత్త విషంలో ఉండేవి ఎక్కువగా ఇవే. అందుకే పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మందు పేరు చెప్పాలి. జికోనోటైడ్. ప్రియాల్ట్ అనే పేరుతో అమ్ముతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 2004 డిసెంబరులో ఆమోదించింది. దీని మూలం కోనస్ మాగస్ అనే కోన్ నత్త. ఇది చేపలను వేటాడి తినే రకం. నత్త అంటేనే నిదానం కదా, చేపను పట్టుకోవడానికి వెంటపడలేదు. బోలుగా ఉండే సూదిలాంటి పన్నును తొండం లోంచి విసిరి, దాని గుండా విషం ఎక్కిస్తుంది. చేప క్షణాల్లో కదలకుండా పడిపోవాలి, లేకపోతే ఆ పూటకు తిండి లేదు. ఆ అవసరం కోసమే దాని విషం నరాల మీద అంత గురిగా పనిచేసేలా తయారైంది.

అపోహ: నత్తలను పట్టి, విషం పిండి మందు చేస్తారు.

చేయరు. జికోనోటైడ్‌లో 25 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటి వరుస తెలిశాక నత్త అవసరమే లేదు, ల్యాబులో ఒక్కో పూసా కలుపుకుంటూ తయారుచేస్తారు. నత్తలో ఉన్న పెప్టైడ్‌కూ దీనికీ ఒక్క పూస కూడా తేడా లేదు.

అయితే దండ గుచ్చడంతో పని అయిపోదు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ 25 పూసల్లో ఆరు సిస్టీన్లు, అంటే గంధకం ఉండే అమైనో ఆమ్లాలు. అవి రెండేసి చొప్పున జతకట్టి మూడు గంధకపు వంతెనలు కట్టాలి. ఆరింటిని మూడు జతలుగా కలపడానికి 15 దారులున్నాయి. అందులో నత్త వాడేది ఒక్కటే. జత తప్పితే బరువు అదే, పూసలు అవే, కానీ ఆకారం మారిపోతుంది, మందు పనిచేయదు. కొత్తలో ఇలాంటి మూడు వంతెనల పెప్టైడ్ ఒకటి నాతో మూడు వారాలు ఆడుకుంది. బరువు చూస్తే సరిగ్గా సరిపోయింది, శుద్ధి చేసే యంత్రం గీసే గ్రాఫులో మాత్రం ఒకటి ఉండాల్సిన చోట నాలుగు శిఖరాలు వచ్చాయి. నాలుగు రకాల ముడులు పడ్డాయన్నమాట. చివరికి ద్రావణాన్ని బాగా పలుచన చేసి, ఫ్రిజ్ చల్లదనంలో నెమ్మదిగా ముడిపడనిస్తే గానీ దారికి రాలేదు. ఒక గవ్వంత ప్రాణి తన కణాల్లో రోజూ తప్పు లేకుండా చేసుకునే పని ఇది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: ఎవరికో అనుకోకుండా దొరికింది.

ఇందులో అదృష్టం పాలు కొంత ఉన్నా, ఓపిక పాలే ఎక్కువ. బాల్డొమెరో ఒలివెరా ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త. అమెరికాలో డీఎన్ఏ మీద పనిచేసి స్వదేశానికి వెళ్తే, అక్కడ ఆ పనికి కావలసిన పరికరాలు లేవు. అందుకని సముద్రంలో దగ్గరగా దొరికే కోన్ నత్తల విషం మీద లూర్డెస్ క్రూజ్‌తో కలిసి పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆ పని పెరిగింది. అక్కడ క్రెయిగ్ క్లార్క్ అనే డిగ్రీ విద్యార్థి, విషంలోని భాగాలను వేరుచేసి, ఒక్కోదాన్ని నేరుగా ఎలుక మెదడులోకి ఎక్కించి చూద్దామన్నాడు. అలా చేస్తే ఒక భాగానికి ఎలుక నిద్రపోయింది, ఒకదానికి వణికింది, ఒకదానికి గిరగిరా తిరిగింది. అప్పటిదాకా ఒకే విషం అనుకున్నది నిజానికి వందకు పైగా వేర్వేరు పెప్టైడ్ల కూటమి అని తేలింది. కోనస్ మాగస్ నుంచి ఈ పెప్టైడ్‌ను వేరుచేసిన మైఖేల్ మెకింతోష్ కూడా అప్పటికి కాలేజీ కుర్రాడే. అక్కడి నుంచి ఆమోదం వచ్చేసరికి 20 ఏళ్లకు పైగా పట్టింది.

అపోహ: మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లు బాగా పనిచేస్తుంది.

మెసేజ్‌లు ఇంతగా తిరగడానికి కారణం ఈ అంకే. ఇది బరువు లెక్క. ఒకే ఫలితం రావడానికి ఎంత మోతాదు కావాలి అన్నది ఒక విషయం, అసలు నొప్పి ఎంతవరకు తగ్గుతుంది అన్నది వేరే విషయం. పులుసులోకి ఇంగువ చిటికెడు చాలు, చింతపండు నిమ్మకాయంత కావాలి. అంతమాత్రాన పులుసుకు ఇంగువే గొప్పదని ఎవరూ అనరు. జికోనోటైడ్ రోజు మోతాదు గరిష్ఠంగా 19.2 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు). ఒక గ్రాము పొడి ఉంటే, ఆ లెక్కన ఒక మనిషికి 140 ఏళ్లకు పైగా వస్తుంది. చిన్న మోతాదు చాలన్నదే దీనికి అర్థం. నొప్పి వెయ్యి రెట్లు తగ్గుతుందని కాదు.

మరి ఎంత తగ్గింది? క్యాన్సర్, ఎయిడ్స్ నొప్పులతో ఉన్న 111 మంది మీద చేసిన పరీక్షలో నొప్పి స్కోరు మందు తీసుకున్నవాళ్లలో సగటున 53 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 18 శాతం తగ్గింది. అందులో మోతాదు వేగంగా పెంచారు, దుష్ప్రభావాలూ గట్టిగానే వచ్చాయి. తర్వాత 220 మంది మీద నిదానంగా మోతాదు పెంచుతూ చేసిన పరీక్షలో తేడా చిన్నది: మందు తీసుకున్నవాళ్లలో 14.7 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 7.2 శాతం. ఈ రెండో పరీక్ష అంకెలు ఏ వాట్సాప్ మెసేజ్‌లోనూ నేను చూడలేదు.

దీని అసలు గొప్పతనం ఆ వెయ్యిలో లేదు, దారిలో ఉంది. కాలి నొప్పి వార్త మోసుకొచ్చిన నరం వెన్నుపాములో ఇంకో నరానికి దాన్ని అందించాలి. అందించాలంటే నరం చివర ఉన్న ఎన్-టైప్ కాల్షియం ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి రావాలి. జికోనోటైడ్ నేరుగా ఆ ద్వారానికే బిరడాలా బిగుసుకుంటుంది. మార్ఫిన్ కూడా చివరికి ఈ ద్వారాలనే కొంత మూయిస్తుంది, కానీ ఓపియాయిడ్ గ్రాహకం (మార్ఫిన్ జాతి మందులు నరం మీద అతుక్కునే చోటు) ద్వారా, చుట్టుదారిలో. ఆ గ్రాహకం వాడేకొద్దీ మొద్దుబారుతుంది, అందుకే మోతాదు పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. ఊపిరి మందగించే ప్రమాదం కూడా అక్కడి నుంచే. జికోనోటైడ్‌కు ఈ రెండు ఇబ్బందులూ లేవు. అవసరమైతే ఒక్కసారిగా ఆపేయవచ్చు. మార్ఫిన్‌తో ఆ పని చేయకూడదు.

అపోహ: ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

దీని వాడకం వివరాల పత్రంలోనే, గడి కట్టి, అత్యంత తీవ్రమైన హెచ్చరిక ఉంటుంది: తీవ్రమైన మానసిక లక్షణాలు, నరాల పనితీరులో లోపాలు రావచ్చని. తల తిరగడం, వికారం, అయోమయం, జ్ఞాపకం తగ్గడం, లేనివి కనిపించడం. గతంలో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు. అందుకే రోజుకు 2.4 మైక్రోగ్రాములు మించకుండా మొదలుపెట్టి, చాలా నెమ్మదిగా పెంచుతారు.

అపోహ: మోకాళ్ల నొప్పికి ఇంజెక్షన్ వేయించుకోవచ్చు, త్వరలో మాత్ర కూడా వస్తుంది.

పెద్దమ్మ అసలు ప్రశ్న ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను. మాత్రగా మింగితే కడుపు దీన్ని ఏ పప్పులోని ప్రొటీన్‌నో అరిగించినట్టే అరిగిస్తుంది. రక్తంలోకి ఎక్కిస్తే వెన్నుపాము దాకా సరిగ్గా చేరదు. పైగా ఇవే ద్వారాలు రక్తనాళాలను బిగించి ఉంచే నరాల మీదా ఉంటాయి కాబట్టి బీపీ పడిపోతుంది. మిగిలింది ఒకటే దారి. సాధారణంగా పొట్ట చర్మం కింద పంపు అమర్చి, సన్నని గొట్టంతో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చుక్కచుక్కగా పంపాలి. అంటే ఆపరేషన్, పంపు నింపించుకోవడానికి మళ్లీ మళ్లీ ఆసుపత్రి, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకే భయం. ఇంత బాధ ఎవరు పడతారు? మిగతా మందులేవీ పనిచేయని, లేదా తట్టుకోలేని తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లు. వాళ్లలో కొందరికి ఇది రాత్రి నిద్రను తిరిగి ఇచ్చింది. మోకాళ్ల అరుగుదలకు మాత్రం ఇది కాదు పెద్దమ్మా.

అపోహ: ఒకటి వచ్చింది కదా, ఇక వరసగా వస్తాయి.

కోన్ నత్తల్లో వందల జాతులున్నాయి, ఒక్కోదానిలో వందకు పైగా పెప్టైడ్లు. ఈ లెక్క చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టే ఈ రంగంలోకి వచ్చాను. కానీ ఆస్ట్రేలియాలో కోనస్ విక్టోరియే అనే కోన్ నత్త నుంచి వచ్చిన వీసీ1.1 అనే పెప్టైడ్ సంగతి చూడండి. ఎలుకల్లో చక్కగా నొప్పి తగ్గించింది. మనుషుల దాకా వచ్చాక, మనిషి గ్రాహకం మీద దాని పట్టు ఎలుక గ్రాహకం మీద ఉన్నంత లేదని తేలి 2007లో ఆపేశారు. తర్వాత క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రెయిక్ బృందం అదే పెప్టైడ్ రెండు కొసలనూ చిన్న లంకెతో కలిపి గాజులా గుండ్రంగా చేసింది. కొసలు లేకపోతే అరిగించే ఎంజైములకు పట్టు దొరకడం కష్టం. అది నోటి ద్వారా ఇచ్చినా ఎలుకల్లో పనిచేసిందని 2010లో ప్రచురించారు. ఎలుకల్లో అని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

నొప్పి దాటి వేరే దారులూ తెరుచుకుంటున్నాయి. కోనస్ జియోగ్రాఫస్ అనే కోన్ నత్త నీళ్లలోకి ఇన్సులిన్ వదిలి చేపల షుగర్ పడిపోయేలా చేస్తుందని 2015లో బయటపడింది. అది మన ఇన్సులిన్ కంటే పొట్టిది, వేగంగా పనిచేసే ఇన్సులిన్ల తయారీకి దాన్ని నమూనాగా చదువుతున్నారు. మన దేశంలోనూ పి. బలరాం, కె.ఎస్. కృష్ణన్ వంటి శాస్త్రవేత్తలు మన తీరాల్లో దొరికే కోనస్ అమాడిస్ లాంటి నత్తల పెప్టైడ్ల మీద ఎప్పుడో పనిచేశారు.

అపోహ: బీచ్‌లో అమ్మే కోన్ గవ్వలు ప్రమాదం.

ఖాళీ గవ్వ ఏమీ చేయదు, షోకేసులో నిశ్చింతగా పెట్టుకోండి. బతికున్నది వేరు. చేపలు తినే రకాలు మనుషులను కూడా చంపాయి, ముఖ్యంగా కోనస్ జియోగ్రాఫస్. వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదని కొందరు చెబుతారు, అది నమ్మకండి. తొండం గవ్వ మీద ఏ వైపుకైనా సాగుతుంది. విరుగుడు మందు లేదు. కుట్టినప్పుడు నొప్పి పెద్దగా లేకపోయినా, కుట్టిన చేయి గానీ కాలు గానీ కదలకుండా కట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి అందకపోతే విషం ప్రభావం తగ్గేదాకా వెంటిలేటర్ మీద ఉంచుతారు. అలా నిలబెట్టగలిగితే మనిషి కోలుకుంటాడు.