నడిరోడ్డు మీద మూడు రంగుల గీత

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య దీవించి రాయునది. ఇక్కడ అమెరికాలో నేను, నాయనమ్మ, అత్తయ్యావాళ్ళు అంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

జులై నాలుగున అత్తయ్య పంపిన ఫొటోలు చూసి మీలో చిన్నాడు ఫోన్లో ఒక ప్రశ్న వేశాడు. ‘‘అమెరికాలో రోడ్డు మధ్య పసుపు గీతలుంటాయి కదా తాతయ్యా, ఈ ఊళ్ళో ఎరుపు, తెలుపు, నీలం గీతలెందుకున్నాయి?’’ అని. ముప్పైరెండేళ్ళు బడిలో సోషల్ చెప్పినవాణ్ణి. అంత మంచి ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చదివి వినిపించండి.

ఆ ఊరి పేరు బ్రిస్టల్. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఉంది. అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రం ఇదే. అందులో ఇరవైరెండు వేల మంది ఉండే చిన్న ఊరు బ్రిస్టల్. ఇటూ అటూ సముద్రపు పాయలు, మధ్యలో నాలుక చాచినట్టు నేల. ఆ నేల మీద ఉత్తరం నుంచి దక్షిణానికి రెండు పొడుగాటి రోడ్లు వెళ్తాయి. రేవు పక్కగా పోయేది హోప్ స్ట్రీట్. మూడు రంగుల గీత దాని మీదే ఉంది. రెండోది మెటాకామ్ ఎవెన్యూ. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి.

జులై నాలుగు అమెరికావాళ్ళ స్వాతంత్ర్య దినం. దేశమంతా చేసుకుంటారు. కాని ఏ యేడూ మానకుండా అందరికంటే ఎక్కువ కాలంగా చేసుకుంటున్నది ఈ ఊరే. 1785లో మొదలుపెట్టారు. 2025లో జరిగింది 240వది. ఆ ఊరేగింపు నడిచే దారి గుర్తుగా రోడ్డు మధ్య జెండా రంగులు వేశారు. ఏడాది పొడుగునా ఉంటాయవి. జనవరిలో మంచు తీశాక కూడా ఆ గీత కనబడుతూనే ఉంటుంది.

జూన్ 14న, జెండా రోజున, ఊళ్ళో సందడి మొదలవుతుంది. అక్కణ్ణుంచి మూడు వారాలు ఒకటే హడావిడి. సాయంత్రాలు రేవు పక్క పార్కులో పాటకచేరీలు. పిల్లలు చెక్కపెట్టెలకు చక్రాలు బిగించి వాలు రోడ్డు మీద పందెం వేసుకుంటారు. ఇక నాలుగో తారీఖు తెల్లారకముందే జనం మడతకుర్చీలు, దుప్పట్లు పట్టుకొని హోప్ స్ట్రీట్ వెంట చోటు చూసుకుంటారు. తిరునాళ్ళలో రథం వచ్చే వీధిలో మనవాళ్ళు ముందే చాపలు పరుచుకోరూ, అచ్చం అలాగే. పొద్దున్నే ఒక సభ జరుగుతుంది, ప్రార్థన, ఉపన్యాసం, పాటలు. 1785లో జరిగింది ఇదే. ఊరేగింపు, బాణసంచా తర్వాత వచ్చి చేరాయి. పదిన్నరకు కదిలిన ఊరేగింపు నాలుగు కిలోమీటర్ల దారి నడుస్తుంది. సైనికులు, ఫైరింజన్లు, డ్రమ్ములు, బాకాలు, శకటాలు గంటల తరబడి వస్తూనే ఉంటాయి. నాయనమ్మ గొడుగు వేసుకొని చివరిదాకా కూర్చుంది.

నాకు బాగా నచ్చింది మరొకటి ఉంది. ఆ పండక్కి అందరికంటే దూరం నుంచి సొంతూరు వచ్చిన బ్రిస్టల్ మనిషికి ఒక బహుమతి ఇస్తారు. అది విన్నప్పుడు నాకు మన సంక్రాంతి బస్సులు కళ్ళముందు కదిలాయి. హైదరాబాదు నుంచి నిలబడి వచ్చే మీ నాన్నకు అలాంటి బహుమతి ఎవరైనా ఇస్తే ఎంత బాగుండేది!

ఇప్పుడు 1785 దగ్గరికి వద్దాం. ఇంగ్లండు రాజుతో యుద్ధం నడిచిన రోజుల్లో ఈ ఊరు రెండుసార్లు దెబ్బతింది. 1775 అక్టోబరు 7 రాత్రి జేమ్స్ వాలెస్ అనే ఇంగ్లీషు కెప్టెన్ యుద్ధనౌకలు తెచ్చి రేవులో నిలిపాడు. తన మనుషుల తిండికి గొర్రెలు కావాలన్నాడు. ఊరివాళ్ళు తటపటాయించేసరికి ఫిరంగులు పేల్చాడు. చివరికి నలభై గొర్రెలు ఇచ్చుకుంటేగాని ఆగలేదు. ఊరి పాస్టరు జాన్ బర్ట్ అప్పటికే జబ్బుమనిషి. ఆ రాత్రి ఇల్లు విడిచి పోయినవాడు తెల్లారాక మొక్కజొన్న చేలో చనిపోయి కనిపించాడు. 1778 మేలో ఇంగ్లీషు సైన్యం, వాళ్ళ జర్మన్ కిరాయి సైనికులు కలిసి ఊళ్ళోకి నడిచొచ్చి ఇళ్ళు తగలబెట్టారు. సెయింట్ మైకేల్ చర్చి కూడా బూడిదైంది.

యుద్ధం ముగిశాక, జాన్ బర్ట్ పాస్టరుగా పనిచేసిన మరో చర్చికి 1785లో హెన్రీ వైట్ అనే కొత్త పాస్టరు వచ్చాడు. ఆయన కూడా ఆ యుద్ధంలో సైనికుడిగా పనిచేసినవాడు. ఊరివాళ్ళను పోగుచేసి జులై నాలుగున ప్రార్థన జరిపించాడు. ఆ సభలో కూర్చున్నవాళ్ళలో ఎందరికో ఇళ్ళు కాలిన పొగ వాసన ఇంకా గుర్తుండి ఉంటుంది. ఈ పండగ అలా పుట్టింది. అందుకే నేను దాన్ని గౌరవిస్తాను.

కథ ఇంతటితో ఆగితే ఉత్తరం ఒక పేజీలో అయిపోయేది. కాని బడిలో, ఇప్పుడు మీ అమ్మానాన్నల వయసుకొచ్చిన పిల్లలకు సగం చెప్పి సగం దాచిపెట్టిన పాఠం నేనెప్పుడూ చెప్పలేదు. మీకూ చెప్పను.

హెన్రీ వైట్ స్వేచ్ఛ గురించి ప్రార్థన చేయించిన ఆ యేళ్ళలోనే ఆ రేవు నుంచి ఓడలు ఆఫ్రికాకు వెళ్ళేవి. వాటి పీపాల్లో ఉన్నది రమ్ము. బ్రిస్టల్లోనే బట్టీ పెట్టి కాచేవాళ్ళు. ఆఫ్రికా తీరంలో ఆ సారా ఇచ్చి మనుషుల్ని కొనేవాళ్ళు. వాళ్ళను సంకెళ్ళతో క్యూబా లాంటి చోట్లకు తీసుకెళ్ళి చెరకు తోటల యజమానులకు అమ్మేవాళ్ళు. అక్కణ్ణుంచి బెల్లపుపాకం లాంటి మొలాసిస్ నింపుకొని ఇంటికి వచ్చేవాళ్ళు. దాంతో మళ్ళీ రమ్ము కాచేవాళ్ళు. గానుగెద్దులా ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. ఇంత చిన్న రోడ్ ఐలండ్ ఓడలు మోసుకుపోయిన మనుషులు లక్ష మందికి పైనే.

బ్రిస్టల్లో ఈ వ్యాపారానికి పెద్ద డివోల్ఫ్ కుటుంబం. 1769 నుంచి యాభై ఏళ్ళలో 10,000 మందికి పైగా ఆఫ్రికన్లను వాళ్ళ ఓడలు పట్టుకొచ్చాయి. 1787లోనే రోడ్ ఐలండ్ ఈ వ్యాపారం చేయరాదని చట్టం చేసింది. అయినా ఆగలేదు. 1804లో బ్రిస్టల్ రేవుకు సుంకాల అధికారిగా వచ్చినవాడు డివోల్ఫుల దగ్గరి చుట్టం. వేసింది ప్రెసిడెంట్ జెఫర్సన్. ఇక ఓడలను తనిఖీ చేసేదెవరు? ఆ ఇంటి జేమ్స్ డివోల్ఫ్ మీద ఒకసారి హత్యానేరం మోపారు. మశూచి వచ్చిన ఒక స్త్రీని కుర్చీకి కట్టి బతికుండగానే సముద్రంలోకి దించేయించాడని. అతనికి ఏ శిక్షా పడలేదు. 1821లో సెనేటరయ్యాడు.

ఒక ఇంటివాళ్ళ పాపమని తేల్చేయకండి. పీపాలు చేసిన వడ్రంగి, తెరచాపలు కుట్టినవాడు, తాళ్ళు పేనినవాడు, దాచుకున్న నాలుగు డబ్బులు ఓడలో వాటాగా పెట్టిన చిన్న కొట్టువాడు, ఊరంతా ఆ చేత్తోనే అన్నం తింది. 1825లో జార్జి డివోల్ఫ్ దివాలా తీసి రాత్రికిరాత్రి సంసారంతో సహా క్యూబాకు ఉడాయించాడు. ఊళ్ళో సగం మంది డబ్బు మునిగింది. బాకీలవాళ్ళు ఎగబడి అతని ఇంట్లో సామాను పట్టుకుపోయారు. ఆ మేడ పేరు లిండెన్ ప్లేస్. ఇప్పుడు మ్యూజియం. ఊరేగింపు దాని ముందునుంచే పోతుంది. ఎత్తయిన తెల్లని స్తంభాలు, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. దాని గడప దగ్గర నాకు కాళ్ళు బరువెక్కాయి.

క్రిస్మస్ గురించి కూడా ఒకటి చెప్పుకుంటారు ఆ ఊళ్ళో. 1803లో జేమ్స్ డివోల్ఫ్ తన భార్యకు క్రిస్మస్ కానుకగా ఆఫ్రికా నుంచి ఇద్దరు పిల్లల్ని తెచ్చి ఇచ్చాడట. ఆడపిల్ల పేరు అజువా, మగపిల్లాడు పోలిడోర్. పండక్కి గౌనూ బొమ్మా తెచ్చినట్టు మనుషుల్ని తెచ్చాడు. వాళ్ళిద్దరూ పెరిగి పెద్దయి పెళ్ళి చేసుకొని ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. స్వేచ్ఛ దొరికిన ఆఫ్రికన్లు ఊళ్ళో ఒక పక్క ఇళ్ళు కట్టుకొని ఆ పేటను న్యూ గోరీ అని పిలుచుకున్నారు. గోరీ అంటే ఆఫ్రికాలో మనుషుల్ని ఓడలెక్కించిన దీవి. తమ వాడకు ఆ పేరు పెట్టుకున్నారంటే, ఎక్కణ్ణుంచి వచ్చామో మరిచిపోమని పట్టుబట్టినట్టే కదా.

మనకేం సంబంధం తాతయ్యా అంటారేమో. నేను బందరువాణ్ణి. మన కోరమాండల్ తీరంలో నేసిన నూలుబట్టను ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి కంపెనీలు ఓడలకెత్తి ఐరోపాకు తీసుకుపోయేవి. అందులో కొంత మళ్ళీ ఆఫ్రికా తీరం చేరి, మనుషుల్ని కొనడానికి రమ్ము పక్కనే మరో సరుకైంది. మగ్గం మీద కూర్చున్న మన ముత్తాతలకు ఆ సంగతి తెలియదు. తెలిశాక మనం మరిచిపోకూడదు.

తర్వాతి వందేళ్ళ కథ తొందరగా చెప్పేస్తాను. బానిసల వ్యాపారం పోయాక ఊరు పడవలు కట్టడం మీద, ఫ్యాక్టరీల మీద బతికింది. 1878లో హెరెషాఫ్ అన్నదమ్ములు పెట్టిన పడవల కంపెనీ ప్రపంచ పందేలు గెలిచే తెరచాప పడవలు కట్టింది. అన్నకు చిన్నప్పుడే చూపు పోయింది, చేతులతో తడిమే పడవ వంపు చెప్పేవాడు. రబ్బరు ఫ్యాక్టరీలో పనికి అజోర్స్ దీవుల నుంచి పోర్చుగీసువాళ్ళు, ఇటలీవాళ్ళు వచ్చారు. వాళ్ళ పండగలూ వెంట వచ్చాయి. పోర్చుగీసువాళ్ళు ఈస్టరు తర్వాత కిరీటం ఊరేగించి, రొట్టె నానేసిన మాంసం పులుసు వచ్చినవాళ్ళందరికీ ఊరికే పెడతారు. గుళ్ళో అన్నదానం లాంటిదేనని నాయనమ్మ అంది.

ఇక రెండో రోడ్డు పేరు. మెటాకామ్ ఒక మనిషి, ఇంగ్లీషువాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడున్న ఆదివాసీల నాయకుడు. ఈ నేల వాళ్ళది. వాళ్ళను పోకనోకెట్ జనం అంటారు. ఊరి పక్క కొండను వాళ్ళు మోంటాప్ అనేవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళ చెవికి అది మౌంట్ హోప్‌గా వినబడింది. మెటాకామ్ తండ్రి మసాసాయిట్. పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే అమెరికా పండగ థాంక్స్‌గివింగ్, దాని బొమ్మ ఎక్కడో చూసే ఉంటారు. 1621లో ప్లిమత్ అనే ఊళ్ళో ఆకలి తట్టుకొని బతికి బయటపడ్డ ఇంగ్లీషువాళ్ళు మొదటి పంట చేతికొచ్చాక విందు చేసుకుంటే, తొంభై మందితో వచ్చి అయిదు దుప్పుల్ని వేటాడి తెచ్చి వాళ్ళతో మూడు రోజులు కలిసి తిన్నవాడు ఈ మసాసాయిటే. ఆ స్నేహం ఆయన ఉన్నన్నాళ్ళు నిలిచింది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు పెరిగారు, పొలాలు పెరిగాయి, పోకనోకెట్ల నేల తరిగింది. 1675లో యుద్ధం వచ్చింది. 1676 ఆగస్టు 12న మెటాకామ్‌ను మౌంట్ హోప్ దగ్గర చిత్తడి నేలలో కాల్చి చంపారు. ఆయన భార్యను, తొమ్మిదేళ్ళ కొడుకును బంధించారు. ఆ పిల్లాణ్ణి బానిసగా అమ్మేశారు. ఆయన తలను ప్లిమత్‌లో కొయ్యకు గుచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఉంచారు. అవును, అదే ప్లిమత్. తల ఊళ్ళోకి తెచ్చిన రోజున ఆ ఊరివాళ్ళు చర్చిలో థాంక్స్‌గివింగ్ జరుపుకుంటున్నారు. విందుకీ దానికీ మధ్య గడిచింది యాభై అయిదేళ్ళే.

1680లో ఆ నేలను నలుగురు బోస్టన్ వ్యాపారులు కొన్నారు. అలా పుట్టింది బ్రిస్టల్.

పోకనోకెట్ జనం మాత్రం ఎటూ పోలేదు. మౌంట్ హోప్ భూమి చాలాకాలం బ్రౌన్ యూనివర్సిటీ చేతిలో ఉండేది. 2017లో పోకనోకెట్లు అక్కడ గుడారాలు వేసుకొని వారాల తరబడి కూర్చున్నారు. మాట్లాడుకున్నారు, ఒప్పందం రాసుకున్నారు. 2024 నవంబరులో దాదాపు 255 ఎకరాలు పోకనోకెట్లు పెట్టుకున్న ట్రస్టు పేరు మీదికి మారాయి. మెటాకామ్ చనిపోయి అప్పటికి 348 ఏళ్ళు. ఆ వార్త చదివిన రోజు అత్తయ్యను పిలిచి మరోసారి పైకి చదివించుకున్నాను.

ఈ జులై నాలుగున ఊరేగింపు అయ్యాక హోప్ స్ట్రీట్ కిక్కిరిసి ఉంది. మెటాకామ్ ఎవెన్యూ మీదుగా పోదామన్నాను. చుట్టే, అయినా అత్తయ్య కాదనలేదు. కొండ ఉన్న వైపు చెట్లు పచ్చగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. వెనకనుంచి డ్రమ్ముల చప్పుడు ఇంకా సన్నగా వినబడుతూనే ఉంది.

వచ్చే వేసవికి మీరొస్తున్నారు కదా. టోపీలు తెచ్చుకోండి, ఎండ మాడుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేపుతాను, సణగకూడదు. పొద్దున హోప్ స్ట్రీట్ మీద కుర్చీలు, సాయంత్రం రెండో రోడ్డు.

ఇట్లు,
మీ తాతయ్య