ఫ్రిజ్‌లోనూ పెరిగే సూక్ష్మజీవి: లిస్టీరియా వెనక వందేళ్ల కథ

2015 మార్చిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక సంగతి బయటపడింది. ఒకే ఆసుపత్రిలో అయిదుగురికి లిస్టీరియా సోకింది, ముగ్గురు చనిపోయారు. అయిదుగురూ వేరే జబ్బులతో చేరినవాళ్లే. ఆరా తీస్తే, వాళ్లలో నలుగురు ఆసుపత్రిలో ఇచ్చిన మిల్క్‌షేక్ తాగారని తేలింది. అందులో కలిపింది బ్లూ బెల్ కంపెనీ ఐస్‌క్రీమ్. నోరు చేదెక్కిన రోగికి చల్లగా ఏదైనా తాగిస్తే కాస్త ప్రాణం లేచొస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా ప్రేమగా ఇచ్చిందే ప్రాణం తీసిందంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ సూక్ష్మజీవి మొదట కనిపించింది మనుషుల్లో కాదు. 1924లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ప్రయోగశాల కుందేళ్లు ఉన్నట్టుండి చచ్చిపోసాగాయి. ముర్రే, వెబ్, స్వాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కారణం వెతికి 1926లో ప్రచురించారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో పిరీ అనే పరిశోధకుడికి అడవి ఎలుకల్లాంటి జెర్బిల్‌లలో ఇదే జీవి దొరికింది. శస్త్రచికిత్సలో క్రిములను చంపే పద్ధతి నేర్పిన జోసెఫ్ లిస్టర్ మీది గౌరవంతో ఆయన దానికి లిస్టరెల్లా అని పేరు పెట్టాడు. అదే 1940లో లిస్టీరియా అయింది. ఆ తర్వాత చాలాకాలం ఇది పశువైద్యుల వ్యవహారంగానే ఉండిపోయింది. పాతరేసి నిల్వ ఉంచిన పచ్చిగడ్డి పాడైతే, అది తిన్న గొర్రెలు మెదడుకు వాపొచ్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పడిపోయేవి.

మనుషుల్లో అందరినీ వదిలి కొందరినే ఇది ఎందుకు పట్టుకుంటుంది? మామూలు బ్యాక్టీరియా రక్తంలోనో కణాల మధ్యనో తిరుగుతుంటే యాంటీబాడీలు పట్టేస్తాయి. లిస్టీరియా కణం లోపలికే దూరి, అక్కడే పెరిగి, బయటికి రాకుండానే పక్క కణంలోకి జొరబడుతుంది. యాంటీబాడీలకు అందదు. దాన్ని అణచడానికి రక్షణ కణాలే నేరుగా దిగాలి. 1962లో జార్జ్ మెకానెస్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు ఈ జీవినే ఎక్కించి ఆ సంగతి రుజువు చేశాడు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు రోజూ వేసుకునే మందులు అణచి ఉంచేది సరిగ్గా ఆ రక్షణ కణాలనే. కొత్త కిడ్నీని శరీరం తోసేయకుండా ఉండాలంటే ఆ మందులు తప్పవు. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడేవాళ్లదీ, కొన్ని రకాల క్యాన్సర్ రోగులదీ, హెచ్‌ఐవీ ముదిరినవాళ్లదీ ఇదే ఇబ్బంది. గర్భిణులకూ పసికందులకూ వృద్ధులకూ ముప్పు ఎక్కువే.

అంటే వైద్యం ముందుకు నడిచి మనుషుల్ని బతికించిన కొద్దీ ఈ జీవికి లొంగేవాళ్ల సంఖ్యా పెరిగింది. అదే కాలంలో తిండి కూడా మారింది. వండి, ప్యాక్ చేసి, వారాల తరబడి చల్లగా దాచి, మళ్లీ వేడి చేయకుండా తినే సరుకు బజారుకొచ్చింది. మిగతా చాలా బ్యాక్టీరియా ఫ్రిజ్ చలికి పెరగడం మానేస్తాయి. లిస్టీరియా మాత్రం 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పునూ తట్టుకుంటుంది. మరగకాచితే మాత్రం చస్తుంది.

ఇది తిండి ద్వారా వస్తుందని గట్టి ఆధారం దొరికింది 1981లో, కెనడాలోని నోవాస్కోషియాలో. 41 మందికి జబ్బు చేసింది. ఆరా తీస్తే, పచ్చి క్యాబేజీ తురుముతో చేసే కోల్‌స్లా దగ్గరికి దారి తీసింది. ఆ క్యాబేజీ పండిన పొలానికి వేసింది గొర్రెల ఎరువు, ఆ మందలో లిస్టీరియాతో చచ్చిన గొర్రెలున్నాయి. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లటి గోదాములో ఉంచారు. 1985లో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ తరహా చీజ్ వల్ల 142 మందికి సోకింది. గర్భస్థ శిశువులతో కలిపి 48 ప్రాణాలు పోయాయి. గర్భంతో సంబంధం లేని రోగులు 49 మంది ఉంటే, వాళ్లలో ఒక్కరు తప్ప అందరికీ అంతకుముందే రోగనిరోధక శక్తిని తగ్గించే స్థితి ఏదో ఒకటి ఉంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఈ జీవికి పేరు పెట్టిన దక్షిణాఫ్రికాకే తగిలింది. 2017 నుంచి 2018 జులై వరకు 1,060 కేసులు, 216 మరణాలు. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న దేశం అది. గర్భంతో సంబంధం లేని రోగుల్లో, హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం తెలిసినవాళ్లను చూస్తే 46 శాతం మందికి అది ఉంది. కారణం నెలల తరబడి దొరకలేదు. తిన్న రోజుకూ జ్వరం వచ్చిన రోజుకూ మధ్య కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు నెలలకు పైగా గడుస్తాయి. మూడు వారాల కిందట ఏం తిన్నారంటే ఎవరు చెప్పగలరు?

చివరికి 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి వాంతులు, విరేచనాలు, జ్వరంతో కొందరు పిల్లలు ఆసుపత్రికి వచ్చారు. వాళ్ల కేంద్రం ఫ్రిజ్‌లో పోలోనీ ఉంది. అది పేదలు చౌకగా కొనుక్కుని, వేడి చేయకుండానే రొట్టెలో పెట్టుకుని తినే మాంసపు ముద్ద. అందులో లిస్టీరియా దొరికింది. దొరికిన లిస్టీరియా జన్యుక్రమాలు పోల్చుకుంటూ వెళ్తే ఆరా పోలొక్వానే ఊళ్లోని ఎంటర్‌ప్రైజ్ కంపెనీ ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. మార్చి 4న ఆరోగ్య మంత్రి మోత్సొఅలెడి ఆ మాట ప్రకటించి సరుకును వెనక్కి తీసుకోమన్నారు.

మన దగ్గర కిడ్నీ మార్పిడి, కీమోథెరపీ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు బయటి తిండి వద్దని చెబుతారు. మంచి మాటే. కానీ భారం మొత్తం రోగి మీదా, వండిపెట్టే ఆడవాళ్ల మీదా పడుతుంది. కాన్సాస్‌లోనైనా సొవెటోలోనైనా తప్పు వంటింట్లో జరగలేదు, ఫ్యాక్టరీలో జరిగింది. పాల పదార్థాల్లో 25 గ్రాముల నమూనాలో లిస్టీరియా ఉండకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల్లో కూడా ఉంది. ఆ నమూనాలు తీసి పరీక్షించే చేతులే జిల్లా జిల్లాకూ కావాలి.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని ఆవిర్లు వచ్చేదాకా కాచి పెట్టడం, పచ్చిపాలతో చేసిన చీజూ చల్లటి ప్యాకెట్ మాంసమూ రోగికి పెట్టకపోవడం. జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం ఉంటే మర్నాటి దాకా ఆగకూడదు. వెళ్లగానే కిడ్నీ మార్పిడి అయిందనో, ఫలానా మందు వాడుతున్నామనో ముందే చెప్పాలి. మెదడు పొరల వాపుకు సాధారణంగా మొదలుపెట్టే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ లిస్టీరియా మీద పనిచేయదు. దానికి యాంపిసిలిన్ అనే మరో యాంటీబయాటిక్ కలపాలి.