మనమే మొదటివాళ్లమా? విశ్వంలో తెలివైన జీవంపై అపోహలు - వాస్తవాలు

నక్షత్రాల వయసు లెక్కకట్టడం నా పని. ఆ మాట చెప్పగానే చాలామంది అడిగేది నక్షత్రాల గురించి కాదు, "మనకంటే ముందు ఎవరైనా ఉన్నారా, లేక మనమే మొదలా?" అని. దీనికి రెండు రకాల జవాబులు తిరుగుతున్నాయి. మనమే మొదటివాళ్లమని సైన్స్ తేల్చేసిందని కొందరు, మనకంటే ముందు ఎవరో ఒకరు ఉండే ఉంటారని ఇంకొందరు. రెండింటిలోనూ తప్పు ఒక్కటే. గ్రహం ఎప్పుడు పుట్టిందన్న లెక్క తెచ్చి, తెలివి ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నకు జవాబుగా పెట్టేస్తారు.

అపోహ: భూమి లాంటి గ్రహాల్లో 92 శాతం ఇంకా పుట్టనే లేదు. కాబట్టి మనమే మొదటివాళ్లం.

వాస్తవం: 92 అనే అంకె నిజమే, అయితే అది భూమి పుట్టేనాటికి ఇంకా పుట్టనివాటి వాటా. హబుల్, కెప్లర్ టెలిస్కోపుల సమాచారంతో పీటర్ బెహ్రూజీ, మాలీ పీపుల్స్ 2015లో వేసిన లెక్క అది. కానీ అదే పేపర్లో ఇంకో అంకె కూడా ఉంది. జనం నోట ఎప్పుడూ వినపడేది మొదటిదే. ఇప్పటికే ఉన్న భూమి లాంటి గ్రహాల్లో 80 శాతం మన సౌరకుటుంబం కంటే ముందే పుట్టాయన్నది ఆ రెండో అంకె.

రెండూ ఎలా పొసుగుతాయి? విశ్వం ఆయుష్షు మొత్తంలో ఇలాంటి గ్రహాలు వంద పుడతాయనుకోండి. ఇవాళ్టికి పుట్టినవి సుమారు పది. ఆ పదిలో ఎనిమిది వయసులో భూమి కంటే పెద్దవి, రెండు చిన్నవి. మిగతా తొంభై ఇంకా రావాలి. రాబోయేవాటిని కూడా కలుపుకుంటే మనం బాగా ముందున్నాం. ఉన్నవాటితో పోల్చుకుంటే వెనకబడ్డాం. పైగా ఆ తొంభై కూడా ఒక షరతు మీద నిలబడ్డ సంఖ్య: గెలాక్సీల్లో వాయువు చల్లబడుతూ నక్షత్రాలు పుడుతూనే ఉండాలి. జీవం సంగతి ఆ లెక్కలో ఎక్కడా రాదు.

అపోహ: తొలినాళ్ల విశ్వంలో రాతి గ్రహాలు పుట్టే వీలే లేదు. అందుకే మనకంటే ముందు ఎవరూ ఉండలేరు.

వాస్తవం: సగం నిజం. విశ్వానికి 1,380 కోట్ల ఏళ్లు. మొదట్లో ఉన్నది హైడ్రోజన్, హీలియం, కాస్త లిథియం. రాయి కావాలంటే సిలికాన్, ఇనుము, ఆక్సిజన్, మెగ్నీషియం కావాలి, అవి నక్షత్రాల్లో తయారవ్వాలి. అయితే దానికి మనం అనుకున్నంత కాలం పట్టలేదు. సుమారు 119 కాంతి సంవత్సరాల దూరంలో కెప్లర్-444 అనే నక్షత్రం ఉంది. వయసు సుమారు 1,120 కోట్ల ఏళ్లు. సూర్యుడిలో ఉన్నంత ఇనుములో మూడో వంతు కూడా దానిలో లేదు. అయినా దాని చుట్టూ ఐదు గ్రహాలు తిరుగుతున్నాయి, ఐదూ శుక్రుడి కంటే చిన్నవే. మన సూర్యుడు పుట్టేనాటికే వాటికి 660 కోట్ల ఏళ్లు నిండాయి. నక్షత్రానికి మరీ దగ్గరగా, పది రోజుల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాయి కాబట్టి వాటి మీద జీవం ఆశించలేం. రాతి గ్రహాలకు కావలసిన సరుకు అప్పటికే ఉందని చెప్పడానికి మాత్రం అవి చాలు.

అపోహ: ఫలానా నక్షత్రం సూర్యుడి కంటే పాతది కాబట్టి, అక్కడి నాగరికత మనకంటే ఇన్నేళ్లు ముందుంటుంది.

వాస్తవం: ఇది నా పనికి సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వయసు నేరుగా కొలవగలిగిన నక్షత్రం ఒక్కటే, సూర్యుడు. అదీ సూర్యుణ్ణి చూసి కాదు, రాళ్లను చూసి. కొన్ని ఉల్కల్లో కాల్షియం, అల్యూమినియం ఎక్కువున్న తెల్లటి చిన్న ముక్కలు ఉంటాయి. సౌరకుటుంబంలో అన్నిటికంటే ముందు గట్టిపడినవి అవే. వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే 456.7 కోట్ల ఏళ్లని వస్తుంది. ఇంకే నక్షత్రం నుంచీ అలాంటి రాయి మన చేతిలో లేదు.

మిగతావాటికి పరోక్ష మార్గాలే. వెలుగు, ఉష్ణోగ్రత కొలిచి, నక్షత్రం వయసుతోపాటు ఎలా మారుతుందో చెప్పే లెక్కల మోడల్‌తో పోల్చాలి. చిక్కేమిటంటే సూర్యుడి లాంటి నక్షత్రం నడివయసులో బయటికి పెద్దగా మారదు, అందుకే 100, 200 కోట్ల ఏళ్ల తేడా మామూలుగా వస్తుంటుంది. ఇంతకంటే మెరుగైన పద్ధతి కంపనాలు కొలవడం. నక్షత్రం లోపల శబ్ద తరంగాలు తిరుగుతుంటాయి, వాటివల్ల వెలుగు పదిలక్షల్లో కొన్ని వంతులు హెచ్చుతగ్గులవుతుంది. వయసు పెరిగేకొద్దీ నడిమధ్యలో హైడ్రోజన్ తగ్గి హీలియం పేరుకుంటుంది, దాంతో అక్కడ శబ్దం వేగం మారి కొన్ని జంట కంపనాల మధ్య ఎడం తగ్గుతుంది. ఆ ఎడాన్ని చదవాలంటే ఒకే నక్షత్రాన్ని నెలల తరబడి, వీలైతే ఏళ్ల తరబడి కన్నార్పకుండా చూడాలి. కెప్లర్-444 వయసు అలా తేలిందే. అంత కష్టపడ్డా 100 కోట్ల ఏళ్లు అటూ ఇటూ. అంత మంచి కొలతలోనే ఈ తేడా ఉంటే మామూలు కొలత సంగతి చెప్పేదేముంది! భూమి మీద 100 కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్తే జంతువన్నదే లేదు. అక్కడివాళ్లు మనకంటే ముందా వెనకా అన్నది ఈ తేడాలోనే మునిగిపోతుంది.

అపోహ: భూమి మీద జీవం తొందరగా పుట్టింది. కాబట్టి తెలివి కూడా అన్నిచోట్లా తొందరగానే వస్తుంది.

వాస్తవం: జీవం త్వరగానే వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా రాళ్లలో సుమారు 350 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయి. ఆ తర్వాత గాలిలో ఆక్సిజన్ చేరడానికే 100 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. జంతువులొచ్చి సుమారు 60 కోట్ల ఏళ్లు. మన జాతికి 3 లక్షల ఏళ్లు. రేడియో మన చేతికొచ్చి వంద ఏళ్లు దాటిందంతే.

ఇంకోపక్క సూర్యుడు 100 కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం చొప్పున వెలుగు పెంచుకుంటున్నాడు. ఇంకో 100 కోట్ల ఏళ్లకు సముద్రాలు నిలవడం కష్టం. అంటే ఉన్న గడువులో చాలా భాగం అయిపోయాక గానీ మనం రాలేదు. 1983లో బ్రాండన్ కార్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్నే పట్టుకుని వాదించాడు: తెలివి రావడానికి మామూలుగా పట్టే కాలం ఒక నక్షత్రం ఆయుష్షు కంటే చాలా ఎక్కువై ఉండొచ్చు, చాలా గ్రహాల్లో అది రాకుండానే గడువు ముగిసిపోవచ్చు అని. నాకు ఈ వాదనలో బలం కనిపిస్తుంది. ఒక్క భూమిని చూసి చేసిన వాదన కాబట్టి పందెం మాత్రం కాయను.

అపోహ: ఇన్నేళ్లు వెతికాం, ఏమీ వినపడలేదు. కాబట్టి ఎవరూ లేరు.

వాస్తవం: 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త రెండు నక్షత్రాల వైపు రేడియో డిష్ తిప్పడంతో ఈ వెతుకులాట మొదలైంది. అప్పటినుంచి వెతికింది ఎంతో 2018లో జేసన్ రైట్ బృందం లెక్కకట్టింది. దిశ, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ బలం లాంటివన్నీ కలిపి చూస్తే, వెతకాల్సింది భూమ్మీది సముద్రాలన్నీ అయితే మనం వెతికింది ఒక పెద్ద స్నానపు తొట్టె నీళ్లంత. ఇంత తక్కువ వెతికి "లేరు" అనేస్తే ఎలా?

అపోహ: భూమి మీదే మనకంటే ముందు ఒక అధునాతన నాగరికత ఉండేది.

వాస్తవం: ఆధారం లేదు. కోట్ల ఏళ్ల నాటి నాగరికత ఉంటే రాతి పొరల్లో ఏ గుర్తులు మిగులుతాయని 2018లో గావిన్ ష్మిత్, ఆడమ్ ఫ్రాంక్ ఒక పేపర్ రాశారు. ఉండేదని వాళ్లు కూడా అనలేదు.

అపోహ: ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలే ఎక్కువ, వాటి ఆయుష్షూ ఎక్కువ. కాబట్టి తెలివైన జీవం ఇప్పటికే అక్కడ నిండిపోయి ఉంటుంది.

వాస్తవం: ఇవి సూర్యుడి కంటే చిన్నగా, మసకగా ఉండే నక్షత్రాలు. పాలపుంతలో నాలుగింట మూడు వంతుల నక్షత్రాలు ఇవే. సూర్యుడి ఆయుష్షు దాదాపు 1,000 కోట్ల ఏళ్లయితే, వీటిలో మరీ చిన్నవి లక్షల కోట్ల ఏళ్లు వెలుగుతాయి. అలాంటప్పుడు మనం పసుపు రంగు సూర్యుడి దగ్గర, విశ్వం ఇంత చిన్న వయసులో ఉండగా ఎందుకున్నాం? ఒక జవాబు, ఆ నక్షత్రాలు జీవానికి పనికిరావన్నది. వయసులో ఉన్నప్పుడు అవి తరచూ జ్వాలలు విసురుతాయి, దగ్గరి గ్రహాల గాలి ఊడ్చుకుపోవచ్చు. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జుకు ఏడు గ్రహాలున్నాయి. వాటిలో అన్నిటికంటే లోపలిదాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూస్తే, దాని చుట్టూ చెప్పుకోదగ్గ గాలి ఉన్న గుర్తే కనపడలేదు.

ట్రాపిస్ట్-1 బయటి గ్రహాల దగ్గర గాలి దొరికితే మాత్రం చాలామంది అనుకునేదానికి ఉల్టా ఫలితం వస్తుంది. జీవానికి వీలున్న చోట్లు పెరుగుతాయి, కానీ వాటి కాలంలో దాదాపు అంతా ఇంకా రాబోయేదే. అప్పుడు ఈ వరసలో మన స్థానం ఇప్పుడు అనుకుంటున్నదానికంటే ఇంకా ముందుకు జరుగుతుంది.