స్ట్రాడ్‌ది ఏ ఊరు? డంజన్ మాస్టర్ కుర్చీలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో మా టేబుల్ దగ్గర బరోవియా కథ మొదలుపెడితే చాలు, రేవెన్‌లాఫ్ట్ కోట గుమ్మం తొక్కకముందే ఎవరో ఒక కుర్రాడు అడుగుతాడు: “అది సరే గురూ, ఇంతకీ ఆడిదే ఊరు?” ఆడు అంటే స్ట్రాడ్ ఫాన్ జారోవిచ్. టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో అందరికంటే పేరుమోసిన రక్తపిశాచి దొర. పొగమంచు చుట్టుముట్టిన బరోవియా లోయకు ఏలిక, ఆ లోయలోనే ఖైదీ. డంజన్ మాస్టర్‌గా కథ నడిపే పని నాది కాబట్టి ఈ ప్రశ్నకు జనం చెప్పే జవాబులు చాలానే విన్నాను. ఎక్కువభాగం వీడియోల్లో చూసినవి, మిగతావి తెగించి ఊహించినవి. ఆ కథ ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది, కింద గుట్టు కొంత రట్టవుతుంది.

అపోహ: స్ట్రాడ్ బరోవియాలోనే పుట్టాడు.

వాస్తవం: కాదు. ఆ లోయను సైన్యంతో వచ్చి గెలుచుకున్నాడు. గెలిచాక తండ్రి బరోవ్ రాజు పేరు లోయకు పెట్టాడు, తల్లి రావెనోవియా పేరు మీద కోటకు రేవెన్‌లాఫ్ట్ అని పెట్టాడు. పాత పుస్తకాల్లో తెర్గులు అనే శత్రువులతో ఏళ్ల తరబడి పోరాడి వయసంతా యుద్ధంలోనే కరిగించుకున్న సేనానిగా కనిపిస్తాడు. పడుచుదనం పోయిందన్న ఆ కడుపుమంటే తర్వాత తమ్ముడు సెర్గెయ్ మీదికి, తమ్ముడికి కాబోయే భార్య తత్యానా మీదికి మళ్లింది. అంటే లోయకు ఆ పేరు రాకముందే అతనికి ఒక ఇల్లు ఉంది, ఒక వంశం ఉంది, సగం జీవితం గడిచిపోయి ఉంది.

మన ఊరివాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. విజయనగరానికి ఆ పేరు విజయరామరాజు గారి వల్ల వచ్చింది, కోట 1713 నాటిది. ఆయన వంశమైన పూసపాటి వారి ఇంటిపేరు మాత్రం పూసపాడు అనే ఊరిది. ఊరి పేరు చూస్తే ఎవరు ఏలారో తెలుస్తుంది, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియాలంటే ఇంటిపేరు అడగాలి. (పోలిక పేర్ల వరకే సుమా. పిశాచాల దాకా లాగొద్దు, రేపు మళ్లీ ఆ కోట ముందునుంచే నడవాలి నేను.) చిక్కేమిటంటే, జారోవిచ్ వంశానికి పూసపాడు లాంటి ఊరు నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ, ఏ మ్యాపులోనూ ఇవ్వలేదు.

అపోహ: బరోవియాలో మార్నింగ్‌లార్డ్‌ని కొలుస్తారు, ఆ దేవుడు ఈ ఆటలోని మరో కల్పిత లోకమైన ఫర్‌గాటెన్ రెల్మ్స్ వాడు, కాబట్టి స్ట్రాడ్ కూడా అక్కడివాడే.

వాస్తవం: నాకు ఎక్కువసార్లు ఎదురయ్యే వాదన ఇదే. పైకి బలంగానే ఉంటుంది. ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లో లథాండర్ అనే ఉషోదయ దేవుడున్నాడు, మార్నింగ్‌లార్డ్ అన్నది ఆయన బిరుదే. ఇంతవరకు తప్పేం లేదు. కానీ ఆ దేవుడు బరోవియాలో ఎప్పుడు అడుగుపెట్టాడో చూడాలి. 1991లో వచ్చిన రేవెన్‌లాఫ్ట్ నవలలో జాండర్ సన్‌స్టార్ అనే ఎల్ఫ్ ఉంటాడు. ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లో పుట్టి, రక్తపిశాచిగా మారి, పొగమంచులో దారితప్పి బరోవియాకు వస్తాడు. లథాండర్ మీద భక్తి మాత్రం వదులుకోడు. అతను కాపాడిన ఒక కుర్రాడు అతనిలో దేవుణ్ణే చూసి, ఆ కొలుపును లోయలో మొదలుపెడతాడు. అప్పటికి స్ట్రాడ్ పిశాచమై ఎన్నో ఏళ్లు. అంటే ఆ దేవుడు దొరతోపాటు రాలేదు, దారితప్పిన బాటసారి వెంట వచ్చాడు.

ఇంకొకటి కూడా ఈ అపోహకు తోడైంది. 2016లో వచ్చిన ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ పుస్తకంలో పాత్రలను లోయలోకి లాగడానికి ఇచ్చిన దారుల్లో కొన్ని ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లోని డాగర్‌ఫోర్డ్ పట్నంలో మొదలవుతాయి. మనం అక్కణ్ణుంచి వెళ్లాం కాబట్టి అతనూ అక్కడివాడే అనుకోవడం మనిషి నైజం. కానీ పొగమంచు ఏ లోకం నుంచి ఎవర్నయినా ఎత్తుకొస్తుంది. ఆ పుస్తకంలోనే గ్రేహాక్ అనే ఇంకో కల్పిత లోకానికి చెందిన పేరున్న మాంత్రికుడొకడు మతిచెడి కొండల్లో తిరుగుతుంటాడు. ఆ లెక్కన స్ట్రాడ్‌ది గ్రేహాక్ అని కూడా వాదించొచ్చు కదా!

అపోహ: సెర్గెయ్, తత్యానా, ఫాన్... ఇవన్నీ మన భూమ్మీది పేర్లు. కాబట్టి అతను రొమేనియావాడు, అసలు డ్రాక్యులాయే.

వాస్తవం: రూపం అప్పు తెచ్చుకున్నదే, అది దాచాల్సిన సంగతేం కాదు. పేర్లు చూస్తే సగం రష్యా, సగం జర్మనీ. తూర్పు యూరప్ గుబులంతా పోసి వండిన లోయ అది. రుచి తెలియడానికి పేర్లు ఎంచుకున్నారు, అంతేగానీ అవి చిరునామాలు కావు. పైగా 1994లో ఇదే రేవెన్‌లాఫ్ట్ పుస్తకాల వరసలో 1890ల నాటి మన భూమిలాంటి లోకాన్ని విడిగా తయారుచేశారు. అందులో డ్రాక్యులా తనంతట తానుగా, వేరే మనిషిగా ఉంటాడు. ఇద్దరూ ఒకరే అయితే ఆ అవసరమే ఉండేది కాదు.

అపోహ: రక్తపిశాచి శవపేటికలో సొంత గడ్డ మట్టి ఉంటుంది. అది పట్టుకుంటే ఊరు దొరుకుతుంది.

వాస్తవం: మా టేబుల్ దగ్గర ఒక ఆటగాడు కోట నేలమాళిగలో మట్టి మూటకట్టుకోవడానికి సిద్ధపడ్డాడు, అతని తెలివిని మెచ్చుకున్నాను కూడా. సొంతగడ్డ మట్టి పెట్టెల్లో మోసుకెళ్లడం డ్రాక్యులా నవలలోది, అది 1897 నాటి మాట. ఈ ఆట 2014 నాటి అయిదో ఎడిషన్ నిబంధన వేరు. పిశాచికి విశ్రాంతి దొరికేది తనను పాతిపెట్టిన చోట. సరిగా పాతిపెట్టకపోతే, ఏ చోట పిశాచంగా మారిందో ఆ చోటి మట్టి కింద. సమాధి మట్టిని మరోచోటికి తరలించుకోవచ్చు. పుట్టిన ఊరి ప్రస్తావనే లేదు. స్ట్రాడ్ మారింది ఎక్కడ? సొంత కోటలో, తమ్ముణ్ణి పొడిచి, కావలివాళ్ల బాణాలు ఒంట్లో దిగిన రోజున. మట్టిని ఎంత శోధించినా దొరికేది బరోవియానే.

అపోహ: క్యాలెండర్లు పోల్చి లోకం పట్టేయొచ్చు.

వాస్తవం: సెర్గెయ్ పెళ్లిరోజున జరిగిన అతని హత్య బరోవియా లెక్కలో 351, అయిదో ఎడిషన్ కథ నడిచేది 735లో. గ్రేహాక్ లెక్క 1983లో పెట్టెగా అమ్మిన పుస్తకాల సెట్‌లో 576 దగ్గర మొదలైంది, ఫర్‌గాటెన్ రెల్మ్స్ ఎప్పుడో 1400 దాటేసింది. ఏదీ దేనికీ అతకదు. ఎవరి శకం వారిది.

అపోహ: రచయితలకు జవాబు తెలుసు, కావాలనే దాచారు.

వాస్తవం: దాచడానికి అక్కడ ఏమీ లేదు. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు 1970ల చివర్లో హాలోవీన్ రాత్రులు ఇంట్లో ఆడుకున్న కథ ఇది. గుహలో ఏ పనీ పాటా లేకుండా రక్తపిశాచి ఎందుకు కూర్చుంటాడన్న చిరాకులోంచి పుట్టింది. 1983లో అచ్చయినప్పుడు అది 32 పేజీల పుస్తకం. ఏ డంజన్ మాస్టరైనా తన సొంత లోకంలో ఒక మూల ఆ లోయను ఇరికించుకోవాలన్నది ఆ రోజుల్లో అలాంటి పుస్తకాల పద్ధతి. చుట్టూ పొగమంచు ఉంటే పక్క రాజ్యం ఏదన్న ప్రశ్నే రాదు. స్ట్రాడ్‌కి ఊరు రాసి ఉంటే ఆ వెసులుబాటు పోయేది. తర్వాత 1990లో బరోవియాను ఏ లోకానికీ చెందని విడి తలంలో పెట్టి, చుట్టూ మరెన్నో భయానక రాజ్యాలు చేర్చారు. అప్పటికి ఆ ఖాళీయే ఆనవాయితీ అయిపోయింది.

ఇతర రాజ్యాల దొరలను చూపించి “వాళ్లకుంది కదా, ఈయనకెందుకు లేదు” అంటారు. నిజమే. లార్డ్ సోత్‌ది డ్రాగన్‌లాన్స్‌లోని క్రిన్, అజాలిన్‌ది గ్రేహాక్ లోకం, హజ్లిక్‌ది ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లోని థే దేశం. అయితే సోత్ లాంటివాడు సొంత లోకంలో పేరు తెచ్చుకున్నాకే ఇక్కడికొచ్చాడు, ఊరు అతని వెంటే వచ్చింది. స్ట్రాడ్ ఈ పొగమంచులోనే పుట్టిన పాత్ర. వరస తిరగబడింది, అంతే తేడా.

అపోహ: పుస్తకంలో లేదు కాబట్టి డంజన్ మాస్టర్ చెప్పకూడదు.

వాస్తవం: చెప్పొచ్చు, నేనూ చెబుతాను. కాకపోతే ఎవరి నోట చెప్పిస్తున్నామన్నది చూసుకోవాలి. లోయ జనంలో పదిమందికి ఒక్కరికే ఆత్మ ఉంటుంది, తక్కినవాళ్లు ఖాళీ బొమ్మలు. వాళ్లను అడిగితే “దొరగారు ఎప్పుడూ ఇక్కడే ఉన్నారండి” అంటారు, అంతకంటే పలికించకూడదు. సంచార విస్తానీలు అడిగినవాడి మొహం చూసి ఒక కథ చెబుతారు, డబ్బు చూసి ఇంకో కథ చెబుతారు. ఇక స్ట్రాడ్ నోట నిజం పలికించొద్దు. విందులో కూర్చోబెట్టి తండ్రి రాజ్యం గురించి తీయగా మాట్లాడనివ్వండి, మరుసటి సెషన్‌లో వేరేలా మాట్లాడనివ్వండి. పట్టుకునే ఆటగాడు పట్టుకుంటాడు.

నిజంగా ఏదైనా పెట్టాలనిపిస్తే చోటు సిద్ధంగానే ఉంది. బరోవ్, రావెనోవియాల సమాధి కోట నేలమాళిగలోనే ఉంది. ఆ రాతి మీద మీ సొంత లోకంలోని ఏదో ఒక రాజ్యచిహ్నం చెక్కించండి. ఏ రాజ్యమో మీరు చెప్పకండి. ఆటగాళ్ల పాత్రల్లో ఆ ప్రాంతం వాడు ఒక్కడుంటే చాలు, వాడే గుర్తుపడతాడు, మిగతావాళ్లు వాడివైపు తిరుగుతారు. ఫర్‌గాటెన్ రెల్మ్స్ చిహ్నం మాత్రం వద్దు. పెడితే ఆ మార్నింగ్‌లార్డ్ వాదన మళ్లీ మొదటికొస్తుంది.