ముందు ఎదిగిన పిల్ల ముందే సంతకు

వానలు పడి పచ్చిక లేచి గొర్రెలు ఎదకొచ్చే వేళకు ఉత్తరాంధ్రలో చీపురుపల్లి, గరివిడి, రాజాం వైపు మందల్లో ఏటా వినిపించే తగవు ఈసారి కాస్త గట్టిగానే లేచింది. నెల్లూరు పొట్టేలును తెచ్చి నాటు గొర్రెల మీద వదిలితే పిల్లలు బాగా తూగుతాయని నమ్మి డబ్బు పెట్టినవాళ్లు, చెప్పినంత ఎదుగుదల లేదంటున్నారు. అమ్మినవాళ్లు మేత చాలలేదని, నట్టల మందు వేళకు తాగించలేదని అంటున్నారు. నాటు పొట్టేలే మేలనే పాతకాపులు ఈ రెండు మాటలూ విని తల ఊపుతున్నారు.

నెల్లూరు పొట్టేలు మీద ఆశ ఉత్తదేమీ కాదు. దేశంలో పొడుగైన గొర్రె జాతుల్లో అదొకటి. పొడుగు కాళ్లు, ఒంటికి అంటుకున్న పొట్టి వెంట్రుక, ఎండలో చాలా దూరం నడిచే ఓపిక ఉన్నాయి. అందులో జోడిపి రకమైనా బ్రౌన్ రకమైనా నిలబడితే కంటికి ఆనుతుంది. అయితే పొట్టేలు ఎత్తు చూసి పిల్ల బరువు లెక్కగట్టడంలోనే చిక్కుంది. ఆ చిక్కు మనకు కొత్త కాదు.

1971లో గొర్రెల అభివృద్ధికి అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైంది. మాంసం కోసం చేసిన ప్రయోగాల్లో భాగంగా చిత్తూరు జిల్లా పలమనేరులో నెల్లూరు, మాండ్య గొర్రెలను డార్సెట్, సఫోక్ పొట్టేళ్లతో దాటించారు. చలిదేశాల్లో గడ్డి మైదానాల మీద గబగబా ఎదిగే జాతులవి. సంకర పిల్లలు మాత్రం పెట్టిన ఖర్చుకు తగినంత అదనపు బరువు ఇవ్వలేదు. తరవాత దారి మారింది. ఆ పలమనేరులోనే నెల్లూరు జాతిలోంచే మంచి పొట్టేళ్లను తూకం చూసి ఎంచి, వాటి సంతానంతో మందను పెంచే పద్ధతికి వచ్చారు. బయటి రక్తం తేవడం కంటే ఉన్న మందలో పిల్లకూ పిల్లకూ మధ్య తేడాను వాడుకోవడం నయమన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. మన జిల్లాల దాకా ఆ పాఠం చేరలేదన్నదే నా బాధ.

ఆ తేడా ఎక్కడుందో చూద్దాం. గొర్రెకు 27 జతల క్రోమోజోములు. ఒక్క జన్యువే ఒంటిని మార్చేసిన సందర్భాలు లేకపోలేదు. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక డార్సెట్ పొట్టేలుకు వెనక తొడలు విపరీతంగా కండపట్టాయి. కారణం 18వ క్రోమోజోము మీద డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారడమని 2002లో తేలింది. అది తండ్రి నుంచి వస్తేనే, తల్లి వైపు మామూలు నకలు ఉంటేనే పనిచేస్తుంది. పైగా ఆ మాంసం గట్టిగా, నమలలేనట్టు ఉండటంతో మార్కెట్లో నిలవలేదు. టెక్సెల్ అనే జాతి గొర్రెల కండ వెనక, కండ ఎదుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ జన్యువులో మార్పు ఉందని 2006లో కనుక్కున్నారు. ఇలాంటివి అరుదు. మామూలు మందలో బరువును నడిపేది వందల జన్యువులు. ఒక్కోటి కొన్ని గ్రాములు మాత్రమే కలుపుతుంది. ఆరో క్రోమోజోము మీద ఎల్‌సీఓఆర్‌ఎల్ అనే జన్యువు ఉన్న చోటుకు బరువుతో సంబంధం ఉందని ఆస్ట్రేలియా మెరినో గొర్రెల్లో గట్టి ఆధారం దొరికింది గానీ, అది కూడా మొత్తంలో ఒక భాగమే. కాబట్టి ఒక పొట్టేలుతో మంద మొత్తం మారిపోతుందనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

ఒకే మేత తిన్న, ఒకే వయసు పిల్లల బరువుల్లో కనిపించే తేడాలో జన్యువుల వంతు సుమారు పదో పాలు నుంచి మూడో పాలు దాకా ఉంటుంది. మిగతాది తల్లి పాలు, పుట్టిన నెల, కవల పిల్లా ఒంటి పిల్లా అన్నది, రోగం, పచ్చిక. మూడు నెలలకు పాలు మానే దాకా పిల్ల బరువులో తల్లి పాల ప్రభావం బలంగా కనబడుతుంది. ఆరు నెలలు దాటాకే దాని సొంత జన్యువులు బయటపడతాయి. పొట్టేలును ఎంచాలంటే ఆ వయసులో తూకం చూడాలి.

నాటు మందలు చిక్కిపోయిన మలుపు పొట్టేలును ఎంచే ఆ దగ్గరే ఉందని నేను నమ్ముతాను. మా చిన్నప్పుడు కోతలయ్యాక చేలల్లో మంద కట్టినందుకు రైతు ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. ఏడాది పైబడిన పొట్టేళ్లు మందలో చాలానే తిరిగేవి. తరవాత మాంసం ధర పెరిగింది. నాలుగైదు నెలల లేత పిల్లకు బేరగాడు ఇంటికే వచ్చి డబ్బు చేతిలో పెట్టడం మొదలైంది. బేరగాడు ముందు ఎంచుకునేది అన్నింటికంటే ఎదిగిన పిల్లనే. కాపరికి రుణం, బడి ఫీజు, తిండి ఖర్చు ఎదురుగా ఉంటాయి, కాబట్టి అమ్మేస్తాడు. చివరికి ఎవరూ అడగని పిల్ల మందలో మిగులుతుంది, అదే పెరిగి విత్తనపు పొట్టేలవుతుంది. ఇందులో కాపరి తప్పేమీ లేదు. ఏటా మంచి విత్తనం సంతకు పోతోంది, బలహీనమైనది ఇంట్లో ఉంటోంది.

లెక్క చూడండి. ఒక మందలో ఆరు నెలల పిల్లల సగటు 14 కిలోలు అనుకుందాం. 18 కిలోల పొట్టేలు పిల్లను ఉంచితే సగటు కంటే 4 కిలోలు ఎక్కువ. అందులో జన్యువుల వంతు పావు అనుకుంటే ఒక కిలో. పిల్లకు తండ్రి నుంచి వచ్చేది సగం కాబట్టి ఒక్కో పిల్లకు అర కిలో లాభం. ఆ 18 కిలోలదాన్ని అమ్మేసి 11 కిలోలదాన్ని ఉంచితే, అది సగటు కంటే 3 కిలోలు తక్కువ కాబట్టి, అదే లెక్కన ఒక్కో పిల్లకు 375 గ్రాములు నష్టం. ఒక పొట్టేలు 25, 30 గొర్రెలకు తండ్రి అవుతుంది కాబట్టి ఆ ఏటి పిల్లలన్నింటి మీదా ఇది పడుతుంది. తరం తరానికి అది పేరుకుంటుంది.

దీనికి తోడు, అదే పొట్టేలును మూడు నాలుగేళ్లు ఉంచితే దాని కూతుళ్లే దానికి కట్టుకొస్తాయి. అలా పుట్టిన పిల్ల జన్యువుల్లో నాలుగో వంతు చోట్ల రెండు వైపులా ఒకే నకలు ఉంటుంది. అలాంటి పిల్లలు చిన్నగా పుడతాయి, నీరసంగా ఉంటాయి, చచ్చేవీ ఎక్కువే. రెండేళ్లకోసారి పొట్టేలును పక్క మందతో మార్చుకోమని పశువైద్యులు చెప్పేది ఇందుకే.

ఇచ్ఛాపురం దాటితే గంజాం జాతి ఉంది, దక్షిణాన మాచర్ల, నెల్లూరు ఉన్నాయి. దేశంలో గుర్తింపు పొందిన జాతుల జాబితాలో ఈ మూడూ ఉన్నాయి. వాటి నడుమ మన నాటు గొర్రె తిత్లీ లాంటి తుపానులు, తడి నేల, జలగ వ్యాధి తట్టుకుని ఈ నేలకు అలవాటుపడింది. దానిలోని తేడాను ఎవరూ సరిగ్గా తూచకుండానే పనికిరానిదని తీర్పు చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నెల్లూరు పొట్టేలు వద్దని చెప్పడం లేదు. మేత చాలని చోట పెద్ద ఒంటి విత్తనం తన బలం చూపలేదు కాబట్టి, అమ్మినవాళ్లు చెప్పే మేత మాటలో కొంత నిజముంది. కానీ ఆ డబ్బులో కొంత ఒక వేలాడే కాటాకు, ఏ పిల్ల ఏదో గుర్తుపట్టే చెవిపోగులకు, ఆరు నెలలు దాటిన మంచి పొట్టేలు పిల్లను సంతకు పోకుండా ఆపినందుకు కాపరికి ఇచ్చే పరిహారానికి పెట్టొచ్చు. ఐదారు మందలు కలిసి ఒక పొట్టేలును ఎంచుకుంటే ఒక్కరి మీదే భారం పడదు.

ఎదకాలం మొదలవుతోంది. మందల్లో పెద్ద పిల్లలకు బేరాలు ఇప్పటికే కుదురుతున్నాయి.